కృత్రిమ మేధ, కొత్త మందులు, మన కష్టార్జితం

మాతో కలిసి చాలా ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు ఆ మధ్య మా ఇంటికి వచ్చారు. ఆయన ఫోన్‌లో ఒక వాట్సాప్ గ్రూపు చూపించారు. కృత్రిమ మేధతో క్యాన్సర్ మందు కనిపెడుతున్న కంపెనీ అట, ఏడాదిలో డబ్బు మూడింతలు అవుతుందట. గ్రాట్యుటీ సొమ్ములోంచి రెండు లక్షలు అప్పటికే పంపేశారు. “ఆ మందు ఏ దశలో ఉంది మాస్టారూ?” అని అడిగాం. ఆయనకు తెలియదు. ఆ సంగతి ఎక్కడ చూడాలో అప్పటికి మాకూ తెలియదు. రెండు నెలలకు గ్రూపూ పోయింది, సొమ్మూ పోయింది. చదువుకున్నవాళ్లం, అడగాల్సిన ప్రశ్న అడగలేకపోయామన్న బాధతో ఈ విషయం చదవడం మొదలుపెట్టాం. మాకు అర్థమైనంత మీతో పంచుకుంటున్నాం.

ఏఐ నిజంగా ఏం చేస్తోంది?

అంతా మోసం అనుకోవడమూ పొరపాటే. మన శరీరంలో చాలా పనులు చేసేవి ప్రోటీన్లు. ఒక్కో ప్రోటీన్ పూసల దండలాంటిది. అది ముడుచుకుని ఒక ఆకారంలోకి వస్తుంది. ఆ ఆకారం తెలిస్తే దానికి సరిగ్గా అతికే మందును వెతకడం సులువవుతుంది. ఒక్క ప్రోటీన్ ఆకారం తేల్చడానికి ప్రయోగశాలలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టేది. గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ సంస్థ 2020లో చూపించిన ఆల్ఫాఫోల్డ్ 2 అనే ఏఐ ఈ పనిని ఎంతో తేలిక చేసింది. 2022లో 20 కోట్లకు పైగా ప్రోటీన్ల అంచనా ఆకారాలను అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు. ఈ కృషికి డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, కొత్త ప్రోటీన్ల రూపకల్పనకు డేవిడ్ బేకర్‌కు 2024 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

ఏఐ దాటలేని మెట్లు

అయితే మందు ఆలోచన దొరకడం మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత జంతువులపై పరీక్షలు. ఆపైన మనుషులపై మూడు దశలు: మొదట కొద్దిమందిపై భద్రత చూస్తారు, తర్వాత వందలాది రోగులపై, చివరికి వేలాది మందిపై పనితనం చూస్తారు. మొత్తం పది, పదిహేనేళ్లు పట్టడం మామూలే. మనుషులపై పరీక్షల వరకూ వచ్చిన మందుల్లో కూడా చివరికి అనుమతి పొందేవి సుమారు పదింటిలో ఒకటి. ఏఐ వెతుకులాటను వేగవంతం చేస్తుంది. కానీ రోగి మందు వేసుకుని, నెలల తరబడి దాని ఫలితం చూపించే కాలాన్ని అది తగ్గించలేదు.

లండన్‌కు చెందిన బెనివొలెంట్ ఏఐ కథ ఇక్కడ మనకు మంచి పాఠం. 2020 ఫిబ్రవరిలో, కోవిడ్ ప్రపంచమంతా వ్యాపిస్తున్న వేళ, ఆ కంపెనీ ఏఐ సాయంతో బారిసిటినిబ్ అనే కీళ్లవాతపు మందు కోవిడ్‌కు పనికిరావచ్చని సూచించింది. ఆ సూచన నిజమైంది. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు దాన్ని ఆమోదించింది. కానీ ఆ మందు ఎలై లిల్లీ కంపెనీది. సూచన ఇచ్చినవారు దాని యజమానులు కారు. అదే 2022లో బెనివొలెంట్ ఏఐ ఆమ్‌స్టర్‌డామ్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. మరుసటి ఏడాది ఆ కంపెనీ సొంత మందు, తామర వ్యాధికి తయారుచేసింది, రెండో దశ పరీక్షలో ఆశించిన ఫలితం ఇవ్వలేదు. ఎందరో ఉద్యోగులను తొలగించారు. షేరు విలువలో అత్యధిక భాగం కరిగిపోయింది. 2025లో కంపెనీ ఎక్స్ఛేంజీ నుంచే తప్పుకుంది. ఏఐ చెప్పింది నిజమే, రోగులకు మేలూ జరిగింది. షేర్లు కొన్నవారికి మాత్రం నష్టమే మిగిలింది.

మన ఊరి అనుభవం

హైదరాబాద్‌లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ ప్రారంభించారు. అప్పట్లో మన దేశంలో ఇలాంటి పనికి పెట్టుబడి దొరకడం గగనం. ఒమన్ మంత్రి యూసుఫ్ బిన్ అలవి వాటాదారుగా చేరి ఆదుకున్నారు. 1997లో దేశంలోనే తొలిసారి జన్యు సాంకేతికతతో తయారైన హెపటైటిస్ బి టీకా బయటికొచ్చింది. దిగుమతి టీకా కంటే చాలా చవక. 2009లో ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ సంస్థ శాంతాను సొంతం చేసుకుంది. విదేశాల్లో అప్పటికే రుజువైన టీకాకే నాలుగేళ్లు పట్టింది. అలాంటిది కొత్త మందుకు ఒక్క ఏడాదిలో మూడింతల లాభం ఎలా వస్తుంది?

వడ్డీ సంగతి

మనకు మరో లెక్క కూడా ఉంది. షరియా ప్రమాణాల ప్రకారం షేరు ఎంచేటప్పుడు కంపెనీ వ్యాపారం హలాలా అన్నది మొదట చూస్తారు. ఆ తర్వాత ఎక్కువమంది పాటించే కొలత ఇది: వడ్డీ అప్పులు, వడ్డీ డిపాజిట్లు ఒక్కొక్కటి కంపెనీ మార్కెట్ విలువలో 30 శాతం మించకూడదు, నిషిద్ధ ఆదాయం మొత్తం ఆదాయంలో 5 శాతం మించకూడదు. చిన్న బయోటెక్ కంపెనీలకు అప్పులు తక్కువే. చిక్కు మరోచోట వస్తుంది. మందు ఇంకా అమ్మకానికి రాలేదు కనుక సేకరించిన సొమ్మంతా డిపాజిట్లలోనో బాండ్లలోనో ఉంటుంది. ఒక్కోసారి కంపెనీకి వచ్చే ఆదాయమంతా ఆ వడ్డీయే! “మందుల కంపెనీ కదా, హలాలే” అని ఊరుకోకుండా వార్షిక నివేదికలో ఈ లెక్కలు చూసి, ఆలిములను సంప్రదించాలి.

సొమ్ము పెట్టే ముందు

1. మందు మనుషులపై పరీక్షల్లో ఉందా, ఏ దశలో ఉంది? మన దేశంలో జరిగే పరీక్షల వివరాలు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

2. మందుపై హక్కు ఎవరిది? కంపెనీదేనా, మరొకరిదా?

3. చేతిలో ఉన్న నగదు ఎన్ని నెలల ఖర్చుకు వస్తుంది? అది అయిపోతే కొత్త షేర్లు జారీచేస్తారు, మన వాటా పలచబడుతుంది.

4. సలహా ఇస్తున్నవారు సెబీలో నమోదైనవారేనా? సెబీ వెబ్‌సైట్‌లో పేరు చూసుకోవాలి. లాభం ఖాయమని చెప్పేవారిని అక్కడే ఆపేయాలి.

5. మొత్తం పోయినా ఇల్లు గడుస్తుందా? పిల్లల ఫీజులు, పెళ్లి ఖర్చు, హజ్ కోసం దాచినది, జకాత్‌గా తీసిపెట్టినది ఇందులోకి రాకూడదు. మిగిలిన దానిలోనూ కొద్ది భాగమే, అదీ ఒకే కంపెనీలో కాకుండా పెట్టాలి.

మా మాస్టారు పోగొట్టుకున్న రెండు లక్షలు తిరిగి రాలేదు. ఇప్పుడు మసీదు దగ్గర ఎవరైనా కొత్త కంపెనీ పేరెత్తితే, “ఏ దశలో ఉంది బాబూ?” అని ముందుగా అడిగేది ఆయనే. ఈ సంచిక చదివిన ప్రతి ఇంట్లో ఆ ప్రశ్న ఒక్కటి గుర్తుండిపోతే మా శ్రమ ఫలించినట్టే. అల్లాహ్ మన హలాల్ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక.