మరిగించినా పోనివి

ఒక గిన్నెలో రెండు గ్లాసుల మంచినీళ్లు పోసి, చెంచాడు ఉప్పు కరిగించండి. పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, నీళ్లు ఒక గ్లాసుకు వచ్చేదాకా మరిగించండి. చల్లారాక ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. ఉప్పదనం పోయిందా? పోలేదు సరికదా, రెట్టింపయింది! ఆవిరైంది నీరు మాత్రమే. ఉప్పంతా గిన్నెలోనే ఉంది.

ఈ సంగతి గుర్తుంచుకుని హైదరాబాదు దక్షిణపు అంచుకు వెళదాం. శంషాబాదు విమానాశ్రయం వైపున్న జల్‌పల్లికి దగ్గరలోనే కాటేదాన్ పారిశ్రామికవాడ ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఆ పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించారు. సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్, కాడ్మియం వంటివి అధికంగా ఉన్నాయని 2008లో ప్రకటించారు. ప్రమాదకర వ్యర్థాలను ఎక్కడపడితే అక్కడ పారబోయడమే ఇందుకు ముఖ్య కారణం.

మట్టిలోని విషం బావిలోకి ఎలా చేరుతుంది? ఇక్కడ నేల అడుగున గ్రానైటు రాయి ఉంటుంది. వాననీరు పైమట్టిలోంచి ఇంకి, రాతి పగుళ్లలో నిలుస్తుంది. బోరుబావి తోడేది ఆ నీటినే. దారిలో కరిగే పదార్థాలను నీరు వెంట తెచ్చుకుంటుంది. అయితే అన్నీ ఒకేలా కదలవు. సీసం సాధారణంగా మట్టి రేణువులను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆమ్లాలు కలిసిన నీరు తగిలితే పట్టు వదులుతుంది. ఆరు వేలెన్సీ గల క్రోమియం మాత్రం సులువుగా కరిగి నీటితో సాగిపోతుంది. అందుకే ఒక బోరు నీరు బాగుండి, పక్క బోరు నీరు చెడి ఉండవచ్చు. మట్టి చెడినంత మాత్రాన బావులన్నీ చెడినట్లు కాదు. కాని ప్రతి బావినీ పరీక్షించి తీరాలి.

కరిగేవి లోహాలొక్కటే కావు. మందుల కర్మాగారాలున్న పటాన్‌చెరు ప్రాంతంలో కొన్ని గ్రామాల బావి నీటిలో మందుల అవశేషాలు దొరికినట్లు 2009లో ఒక పరిశోధన వెల్లడించింది.

మరి ఇవి శరీరంలో ఏం చేస్తాయి? సీసాన్నే తీసుకోండి. మన శరీరం దాన్ని కాల్షియంగా పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది. అది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. రక్తహీనత, మూత్రపిండాల జబ్బు రావచ్చు. అన్నిటికన్నా ఎక్కువ హాని ఎదిగే పిల్లల మెదడుకు. నేర్చుకునే శక్తి, ఏకాగ్రత తగ్గుతాయి. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము మించరాదు. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులో మొత్తం 10 మిల్లీగ్రాములు! చిటికెడు ఉప్పు కూడా అంతకన్నా చాలా ఎక్కువ తూగుతుంది. అంత కొద్దిపాటి సీసానికి రంగు, రుచి, వాసన ఉండవు.

ఇప్పుడు మన గిన్నె దగ్గరికి తిరిగి వద్దాం. మరిగిస్తే రోగక్రిములు చస్తాయి. కాబట్టి ఆ అలవాటు మానకండి. పటిక వేస్తే మురికి అడుగుకు దిగుతుంది. క్లోరిన్ క్రిములను చంపుతుంది. కాని కరిగిన సీసాన్ని మరిగించి తీసేయలేం. పైగా నీరు తగ్గినకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. ఆర్.ఓ. యంత్రం లోహాలను చాలావరకు ఆపుతుంది. అయితే అది వదిలే నీటిలో అవే లోహాలు మరింత చిక్కగా ఉంటాయి.

కనుక మీ బోరు నీరు తేటగా ఉందని తృప్తిపడకండి. ప్రయోగశాలలో పరీక్ష చేయించమని పెద్దలను అడగండి. కంటికి తెలియనిది కొలతకు తెలుస్తుంది. ఒకసారి నేలలోకి దిగిన విషాన్ని వెనక్కి తీయడం బహు కష్టం. దాన్ని కర్మాగారం గడప దాటకుండా ఆపడమే అసలైన శుద్ధి.