పెరుగన్నం, కిబుల్, మధ్యలో కాల్షియం

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగిన వారంలోపే డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న మన ఇళ్ళలో కుక్క గిన్నె దగ్గర ఓ వాదన మొదలవుతుంది. "పొద్దస్తమానం ఆ ఎండు గుళికలేనా? నోరులేని జీవం, కాస్త పెరుగన్నం కలిపి పెడితే ఏం పోయిందే?" అంటారు అమ్మమ్మ. "వెట్ వద్దన్నారమ్మా" అంటుంది కూతురు. నాలుగో రోజుకల్లా కిబుల్ పోసింది పోసినట్టే ఉంటుంది. కుక్క మాత్రం స్టవ్ దగ్గర అమ్మమ్మ చీర కుచ్చిళ్ళ పక్కన చేరి, కుక్కర్ విజిల్ వినబడగానే చెవులు రిక్కిస్తుంది.

అమ్మమ్మ మాటను చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. అమెరికాలో ఇప్పుడు కుక్కలకు వండిన తిండి అమ్మడం పెద్ద వ్యాపారం. న్యూయార్క్‌లో 2014లో మొదలైన 'ది ఫార్మర్స్ డాగ్' వండిన మాంసం, కూరగాయలు ప్యాకెట్లలో పెట్టి గుమ్మం దాకా పంపుతుంది. 'ఫ్రెష్‌పెట్' ఫ్రిజ్‌లు సూపర్‌మార్కెట్లలో కనిపిస్తూనే ఉంటాయి. ఖర్చు కిబుల్ కన్నా బాగా ఎక్కువే అయినా కొనేవాళ్ళు కొంటున్నారు. అయితే ఆ ప్యాకెట్లో ఉన్నదీ మన కుక్కర్లో ఉడికినదీ ఒకటే అనుకుంటేనే చిక్కు.

ముందు కిబుల్ సంగతి. 1860 ప్రాంతాల్లో లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ కుక్కల కోసం ప్రత్యేకంగా బిస్కెట్లు చేసి అమ్మాడు. ఇవాళ మనం చూసే గుళిక రూపం మాత్రం 1950ల నాటిది. ప్యూరినా సంస్థ 1957లో 'డాగ్ చౌ'ను మార్కెట్‌లోకి తెచ్చింది. ధాన్యం పిండి, ఎండబెట్టిన మాంసం పొడి, నీళ్ళు కలిపిన ముద్దను బాగా వేడి చేసి, జంతికల గొట్టంలో పిండిని నొక్కినట్టు సన్నని రంధ్రాల గుండా ఒత్తిడితో తోస్తారు. బయటికి రాగానే అది పొంగుతుంది. ముక్కలు కోసి, ఆరబెట్టి, పైన కొవ్వు పూస్తారు. వేడికి కొంత పోయే విటమిన్లను లెక్క కట్టి ముందే ఎక్కువగా కలుపుతారు. తేమ పది శాతానికి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి నెలల తరబడి నిలవ ఉంటుంది.

నిలవ ఉంటుంది కదా అని నిర్లక్ష్యంగా ఉండడానికి వీల్లేదు. 2020 చివర్లో అఫ్లాటాక్సిన్ చేరిన మొక్కజొన్న వల్ల కొన్ని రకాల కిబుల్‌ను అమెరికాలో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వందకు పైగా కుక్కలు చనిపోయినట్టు ఎఫ్‌డీఏకు ఫిర్యాదులు అందాయి. వేరుశెనగ పండించే మన రాయలసీమ రైతులకు బాగా తెలిసిన బూజు విషమే అది. కిబుల్‌ను ప్లాస్టిక్ డబ్బాలో పోసి సంచి పారేసే అలవాటు మానుకోవాలి. సంచి మీదే లాట్ నంబరు ఉంటుంది, అది లేకపోతే రికాల్ వార్త చూసినా మన ఇంట్లో ఉన్నది అదో కాదో తేల్చుకోలేం. సంచిని సంచిగానే డబ్బాలో దించి మూత పెట్టాలి.

వండిన తిండి వైపు చెప్పాల్సిన మంచి కూడా ఉంది. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరీక్షల్లో ఇలాంటి తిండి కుక్కలకు బాగా అరిగింది, మలం తగ్గింది. నీళ్ళు సరిగా తాగని కుక్కకు ఇందులోని తేమ మేలు చేస్తుంది. పళ్ళు ఊడిన ముసలి కుక్క, ఆకలి చచ్చిన కుక్క దీన్ని ఇష్టంగా తింటాయి. వండిన తిండి వల్ల ఆయుష్షు పెరుగుతుందనడానికి మాత్రం ఇంతవరకు గట్టి రుజువు లేదు. రుజువున్నది ఒకదానికే. 48 లాబ్రడార్ల మీద ఏళ్ళ తరబడి సాగి 2002లో అచ్చయిన అధ్యయనంలో, తోడబుట్టినదాని కన్నా పాతిక శాతం తక్కువ తిన్న కుక్కలు దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. రెండు గుంపులూ తిన్నది ఒకే తిండి. తేడా అంతా కొలతలోనే ఉంది.

ప్యాకెట్ వెనక అంకెలు చూసి పోల్చేటప్పుడు తేమ తీసేసి లెక్క కట్టాలి. కిబుల్ మీద ప్రోటీన్ 26 శాతం, తాజా తిండి మీద 11 శాతం అని ఉంటే, రెండోది నాసిరకమని చాలామంది పక్కన పెట్టేస్తారు. కిబుల్‌లో తేమ 10 శాతం అనుకుంటే మిగిలిన 90లో ప్రోటీన్ 26, అంటే 29 శాతం. తాజాదానిలో తేమ 72 అయితే మిగిలిన 28లో 11, అంటే 39 శాతం.

ఇక అన్నం. కుక్కకు వరి అన్నం పడదని కొందరు గట్టిగా వాదిస్తారు. అది నిజం కాదు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో అంతకు ఎన్నో రెట్లు ఉన్నాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో చూపించారు. మనిషి పొలం దున్నుకుని గింజ తినడం నేర్చిన కాలంలో అతని పక్కనే కుక్క కూడా గింజ తినడం నేర్చింది. అన్నం తప్పు కాదు. అన్నంతోనే సరిపెట్టడం తప్పు.

మన ఇళ్ళలో ఎక్కువగా పెట్టే భోజనాన్నే తీసుకుందాం. పది కిలోల కుక్క, అంటే 22 పౌండ్లది. రోజుకు సుమారు 600 కేలరీలు కావాలి. ఉడికిన అన్నం 250 గ్రాములు, ఉప్పు కారం లేకుండా ఉడికించిన కోడి రొమ్ము మాంసం 120 గ్రాములు, పెరుగు 100 గ్రాములు పెడితే కేలరీలు దాదాపు సరిపోతాయి. చూడ్డానికి ముచ్చటైన భోజనం. ఇందులో కాల్షియం ఎంత? అన్నంలో 25 మిల్లీగ్రాములు, కోడిలో 18, పెరుగులో 120. అంతా కలిపితే 160 చిల్లర. ఆ కుక్కకు రోజూ కావలసింది దాదాపు 750. అంటే నాలుగో వంతు కూడా అందడం లేదు. పెరుగుతోనే ఆ లోటు పూడ్చాలంటే ఇంకో అరకిలో పెరుగు పోయాలి. అప్పుడు కేలరీలు సగం పెరిగి కుక్క ఒళ్ళు చేస్తుంది.

లోటు ఒక్కటే అయితే కొంత నయం. అదే గిన్నెలో భాస్వరం 470 మిల్లీగ్రాములు ఉంది. కాల్షియం భాస్వరంతో సమానంగానో, రెండింతల దాకానో ఉండాలి. ఇక్కడ లెక్క తిరగబడి భాస్వరమే మూడింతలు అయ్యింది. అప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు రక్తంలో కాల్షియం పడిపోకుండా ఎముకల్లోంచి లాగడం మొదలుపెడతాయి. రక్తపరీక్ష చేయిస్తే కాల్షియం మామూలుగానే ఉందని వస్తుంది. ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. ఎముక మాత్రం లోపల పలచబడుతూనే ఉంటుంది. ఎదిగిన కుక్కలో ఇది బయటపడడానికి చాలాకాలం పడుతుంది. కూనలో వారాలు చాలు. కాళ్ళు వంగుతాయి, సోఫా మీంచి దూకితే ఎముక చిట్లుతుంది, ఎత్తుకోబోతే నొప్పితో కుయ్యిమంటుంది. దవడ ఎముక మెత్తబడి పళ్ళు కదులుతాయి.

కుక్క ఎండలో తిరుగుతోంది కదా, డి విటమిన్ వస్తుందిలే అనుకోవడానికీ లేదు. మనకు చర్మంలో తయారైనట్టు కుక్కకు తగినంత తయారు కాదు, తిండిలోంచే రావాలి. సుమారు వందేళ్ళ కిందట లండన్‌లో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లలకు ఓట్స్ జావ లాంటి తిండి పెట్టి పెంచితే వాటికి రికెట్స్ వచ్చింది. కాడ్ చేప నూనె ఇస్తే తగ్గింది. పిల్లల ఎముకల జబ్బుకు మందు దొరకడానికి ఆ కూనలే సాయపడ్డాయి.

భాస్వరం ప్రస్తావన వచ్చినప్పుడు తెలుగువాళ్ళు తలుచుకోవలసిన పేరు ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి రూపొందించారు. 1925లో అచ్చయిన ఫిస్క్-సుబ్బారావు పద్ధతి తరాల తరబడి ప్రయోగశాలల్లో నడిచింది. వెట్ చేతికి ఇచ్చే రిపోర్టులో 'ఫాస్ఫరస్' అన్న వరుస కనిపించినప్పుడు, అది కొలిచే దారి వేసినవారిలో మన గోదావరి జిల్లా మనిషి ఒకరున్నారని పక్కనున్న పిల్లలకు చెప్పాలి. వీడియో చూసి చెప్పే పాఠం కన్నా అది వాళ్ళకు ఎక్కువ గుర్తుంటుంది.

"మా ఊళ్ళో కుక్కలు అన్నం తినే బతికాయి" అనే మాట ప్రతి సభలోనూ వినిపిస్తుంది. ఊరి కుక్క మనం వేసిన అన్నం తిని ఊరుకోదు. చేపల సంత దగ్గర తలకాయలు, మాంసం కొట్టు వెనక బొమికలు, పొలంలో ఎలుకలు, ఇంకా మనం చూడనివెన్నో తింటుంది. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను కాసే మన జోనంగి జాతి కుక్క కూడా రోజంతా ఆరుబయటే తిరుగుతుంది. ఫ్రిస్కోలో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉన్న గోల్డెన్ రిట్రీవర్‌కు మనం గిన్నెలో వేసిందే సర్వస్వం.

కాల్షియం తక్కువైతే ఎక్కువ పోద్దామనుకోవడం ఇంకో ప్రమాదం. ఇండియాలో పెట్ షాపుల్లో కాల్షియం సిరప్ సీసాలు వరసగా ఉంటాయి. అక్కడి నుంచి సూట్‌కేసులో ఇక్కడికీ వస్తాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల కూనలు చిన్న వయసులో, వచ్చిన కాల్షియాన్ని అవసరం మేరకే పీల్చుకుని మిగతాది వదిలేయలేవు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 1980లలో గ్రేట్ డేన్ కూనల మీద చేసిన పరిశోధనల్లో కాల్షియం ఎక్కువైనప్పుడు కూడా ఎముకలు, కీళ్ళు దెబ్బతిన్నాయి. మంచి పప్పీ ఫుడ్ తింటున్న కూనకు పైన సిరప్ పోయకూడదు.

అందుకే సంచి వెనక చిన్న అక్షరాల్లో ఉండే ఒక్క వాక్యం ముందున్న బొమ్మలన్నిటికన్నా విలువైనది. పశువుల దాణాకు ప్రమాణాలు రాసే అధికారుల సంఘం 'ఆఫ్కో' పేరు ఆ వాక్యంలో ఉంటుంది. 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని ఉందా, ఏ వయసుకు అని ఉందో చూడాలి. పెద్ద జాతి కూన అయితే, ఎదిగాక 70 పౌండ్లు దాటే కుక్కల ఎదుగుదలకు కూడా సరిపోతుందన్న మాట అందులో స్పష్టంగా ఉండాలి. 'ఇంటర్‌మిటెంట్ ఆర్ సప్లిమెంటల్ ఫీడింగ్' అని ఉంటే అది రోజువారీ తిండి కాదు. ఈ పరీక్ష కిబుల్‌కూ తాజా ప్యాకెట్‌కూ ఒకటే. ఆ వాక్యం రెండింటి మీదా ఉంటే, తర్వాత తేల్చేది ఇంటి బడ్జెట్, ఫ్రిజ్‌లో చోటు, కుక్క పొట్ట.

ఇంట్లోనే వండాలన్న పట్టుదల ఉంటే ఇంటర్నెట్ వంటకాలను నమ్మకూడదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖవారు పుస్తకాల్లోనూ వెబ్‌సైట్లలోనూ దొరికిన 200 వంటకాలను 2013లో పరిశీలిస్తే 95 శాతం వాటిల్లో కనీసం ఒక ముఖ్య పోషకం తగ్గింది. వెట్‌లు రాసినవి కూడా వాటిల్లో ఉన్నాయి. గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉన్న మాట వాస్తవమే. దాన్ని పొడి చేసి కలిపినంత మాత్రాన జింకు, రాగి, అయోడిన్, డి, ఈ విటమిన్ల లోటు తీరదు.

మనవాళ్ళు మరీ జాగ్రత్తపడాల్సింది మిగిలిన కూర కలపడంలో. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కిలో బరువుకు 15 గ్రాముల ఉల్లి దాటితే ప్రమాదం, అంటే పది కిలోల కుక్కకు ఒక పెద్ద ఉల్లిపాయ. ఉడికించినా వేయించినా ఆ గుణం పోదు. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలను పాడుచేస్తాయని పాతికేళ్ళుగా తెలుసు, కారణమే చాలాకాలం అంతుబట్టలేదు. టార్టారిక్ ఆమ్లం వల్లేనని 2021లో అమెరికా విషచికిత్స నిపుణులు ప్రతిపాదించారు. ఆ ఆచూకీ తీసిన ఆధారాల్లో చింతపండు తిని కిడ్నీలు దెబ్బతిన్న కుక్కల కేసులు కూడా ఉన్నాయి. పులిహోర, చారు, సాంబారు, చేపల పులుసు, కిస్‌మిస్ వేసిన పరమాన్నం ఏవీ కుక్క గిన్నెలోకి వెళ్ళకూడదు. ఉగాది నాడు అతిథుల పళ్ళాలు కింద పెట్టే చోటే కుక్క తిరుగుతుంటుంది, ఆ పూట దానిని వేరే గదిలో ఉంచడం మేలు.

ఇంత చెప్పాక అమ్మమ్మ చేతి ముద్ద మానేయాలా అంటే, అక్కర్లేదు. రోజు కేలరీల్లో పదో వంతు దాకా చిరుతిండికి చోటుంది. పది కిలోల కుక్కకు అది 60 కేలరీలు. రెండు టేబుల్‌స్పూన్ల మెత్తటి అన్నం, రెండు టేబుల్‌స్పూన్ల పెరుగు, తాలింపు లేకుండా. ఆ మేరకు కిబుల్ తగ్గించాలి. ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడని విన్న పిల్లలు మనింట్లో ఉన్నారు. తాము తినేముందు ఒక ముద్ద మూగజీవానికి తీసే అలవాటు ఇక్కడ పుట్టిన పిల్లలకు అబ్బాలంటే ఆ ముద్ద వాళ్ళ చేతే కలిపించాలి. ఎంత పెట్టాలో కొలిచే బాధ్యత కూడా వాళ్ళకే ఇవ్వాలి.

పూర్తిగా వండిన తిండికే మారాలనుకునేవాళ్ళు వెటర్నరీ న్యూట్రిషనిస్ట్ చేత వంటకం రాయించుకోవాలి. డేవిస్, టఫ్ట్స్ లాంటి వెటర్నరీ కళాశాలల్లో ఈ సేవ ఉంది. మామూలుగా చూపించుకునే వెట్ ద్వారా వెళ్ళాలి. కుక్క బరువు, ఇప్పుడు తినే సంచి వెనక భాగం ఫోటో, బిస్కెట్లతో సహా రోజంతా తినేవాటి జాబితా సిద్ధంగా ఉంచుకోవాలి. అమ్మమ్మ పెట్టినవి కూడా దాచకుండా రాయాలి. తిండి మార్చేటప్పుడు వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. విరేచనాలు పట్టుకుంటే ముందటి రోజు కొలతకు వెనక్కి వెళ్ళి రెండు రోజులు ఆగాలి. అప్పటికీ తగ్గకపోతే వెట్‌కు ఫోన్ చేయాలి.