బొమ్మల కథలలోని రాక్షసులు

గత సంవత్సరము వర్షకాలమున ఎనిమిదవ తరగతికి వ్యాకరణము చెప్పుచుండగా, వెనుక బల్లపై నున్న ఒక బాలుడు పాఠ్యపుస్తకము చాటున వేరొక పుస్తకము చదువుచుండుట చూచి దానిని తీసికొంటిని. అది ఆంగ్లమున అచ్చయిన బొమ్మల కథల పుస్తకము. కామిక్సు అని పిల్లలు చెప్పునది. దానిలో నీలి దేహమును, తోకయు, పచ్చగా మెరయు కన్నులును గల ఒక వికృతరూపి కనబడెను. "ఈ దయ్యముల కథలు నీకెందుకు?" అని మందలించితిని. బాలుడు తల వంచుకొని, "ఇతడు దయ్యము కాడండి మాస్టారూ. ఇతనికి కూడ ఒక బడిలో చోటిచ్చినారండి" అని మెల్లగా చెప్పెను. ఆ బాలుని చెంపపై చిన్ననాడు కాలిన మచ్చ యొకటి కలదు. ఆ రాత్రి ఆ పుస్తకమును నేనే చదివితిని. పిమ్మట అట్టివి మరికొన్ని తెప్పించి చదివితిని. వాని వలన తెలిసికొన్న దానిని చదువరులకు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పూర్వకథలలో రాక్షసుని పని యొక్కటే: వీరుని చేత చచ్చుట. రాక్షసుని మనస్సులో ఏమున్నదని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నను గట్టిగా అడిగినది ఇంగ్లండు దేశపు రచయిత్రి మేరీ షెల్లీ. ఆమె వ్రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' అను నవల 1818లో వెలువడెను. ఫ్రాంకెన్‌స్టైన్ అనునది ఆ భూతము పేరు కాదు. దానిని సృజించిన శాస్త్రజ్ఞుని పేరు. పుట్టించినవాడు దానికి పేరైనను పెట్టలేదు. చూచి భయపడి విడిచి పారిపోయెను. ఆ ప్రాణి ఒక పేద కుటుంబము నివసించు ఇంటి ప్రక్క దాగి, వారి మాటలు వినుచు భాష నేర్చుకొనెను. రాత్రులయందు వారికి కట్టెలు తెచ్చి పెట్టెను. ఆ యింటి ముసలివాడు గ్రుడ్డివాడగుట చేత దానితో దయగా మాటలాడెను. కన్నులు గల కుమారుడు వచ్చి కఱ్ఱతో కొట్టెను. తరువాత నీటిలో మునుగుచున్న ఒక బాలికను రక్షించినందుకు దానికి దొరికిన బహుమానము తుపాకి గుండు. అటుపిమ్మటనే అది ద్వేషము నేర్చి హంతకమయ్యెను.

ఈ నవలలోని బీజమే బొమ్మల కథలలో మరల మొలకెత్తెను. అమెరికాలో 1954లో ప్రచురణకర్తలే ఒక నియమావళి యేర్పరచుకొని, రక్తపిశాచములు, నడచు శవములు మొదలగు వానిని బొమ్మల కథల నుండి వెలివేసిరి. 1971లో ఆ నియమములు కొంత సడలెను. ఈ నడుమ కాలమున కొందరు రచయితలు రాక్షసునే వీరునిగా చేసిరి. 1961లో స్టాన్ లీ, జాక్ కిర్బీ అనువారు 'ఫెంటాస్టిక్ ఫోర్' అను కథలను ఆరంభించిరి. అందు బెన్ గ్రిమ్ అను విమానచోదకుడు ఆకాశములోని కిరణములు సోకుట వలన రాతిముద్ద వంటి దేహము గలవాడగును. వీధిలో జనులు అతనిని చూచి కేకలు వేయుదురు. మరుసటి సంవత్సరము కథలో ప్రవేశించిన అలీషియా అను శిల్పకారిణి మాత్రము అతని మంచితనమును గ్రహించును. ఆమె అంధురాలు. షెల్లీ చెప్పిన మాటనే వీరును చెప్పిరి: కన్ను తొందరపడి తీర్పు తీర్చును.

లీయు కిర్బీయు ఐరోపా నుండి న్యూయార్కు నగరమునకు వలస వచ్చిన యూదుల బిడ్డలు. కిర్బీ రెండవ ప్రపంచయుద్ధమున సైనికుడుగా పోరాడినవాడు. ఒక జాతిని ద్వేషించుట ఎచ్చటికి దారితీయునో వారి తరము చూచినది. 1963లో వారు 'ఎక్స్-మెన్' అను కథలను ఆరంభించిరి. ఇందలి వీరులు పుట్టుకతోనే వింతశక్తులు గలవారు. లోకము వారిని చూచి భయపడును. చక్రముల కుర్చీలో తిరుగు జేవియర్ అను ఆచార్యుడు వారికై ఒక పాఠశాల నడుపును. మా బాలుడు చెప్పిన బడి అదియే. నీలిదేహుని పేరు కర్ట్ వాగ్నర్. 1975లో అతని కథ మొదలగునప్పుడు జర్మనీలోని ఒక గ్రామస్థులు దివిటీలు పట్టుకొని, దయ్యమని అతనిని చంపుటకు తరుముచుందురు. జేవియర్ అతనిని కాపాడి పాఠశాలకు తోడుకొని పోవును. తరువాతి కథలలో తెలియునదేమనగా, ఆ దయ్యపు రూపు గలవాడు దైవభక్తి గల క్రైస్తవుడు.

1982లో క్రిస్ క్లేర్‌మాంట్ వ్రాయగా బ్రెంట్ ఆండర్సన్ చిత్రించిన కథయొకటి మా వంటివారు చదువదగినది. అందు దుష్టుడు ఒక మతబోధకుడు. వేదవాక్యములు వల్లించుచు, ఇట్టివారు మనుష్యులే కారని బోధించును. అతని అనుచరులు చిన్నపిల్లలను సయితము చంపుదురు. ఆ కథ చదివి నేను నొచ్చుకొంటిని. అయినను అది అబద్ధమని త్రోసివేయలేకపోతిని. ఎత్తును రూపమును చూచి ఏలీయాబే రాజగునని తలంచిన సమూయేలు ప్రవక్త సయితము గద్దింపు పొందెను గదా!

ఈ కథలలో రెండు లోపములు కలవు. వానిని గూడ చెప్పుట న్యాయము. మొదటిది: కథలోని వికృతరూపికి కొండలు పగులగొట్టు శక్తి గలదు గనుక జనుల భయమునకు కొంత కారణమున్నది. మన నడుమ వెలివేయబడువారికి అట్టి శక్తి లేదు. కాలిన చెంప ఎవరినేమి చేయగలదు? కనుక మన భయము మరింత నిరాధారము. రెండవది: కథలోని రాక్షసుడు పదిమంది ప్రాణములు కాపాడిన పిమ్మటనే ఆదరము పొందును. పరుగుపందెములో గెలిచినగాని, లెక్కలలో మొదటివాడైనగాని, మన ప్రక్క బల్లపై చోటు దొరకదని ఒక బాలునితో చెప్పవచ్చునా? చోటు బహుమానము కాదు; అది ప్రతివాని హక్కు.

ఇక నా తప్పిదము చెప్పుకొనవలెను. ఆ సంవత్సరారంభమున పేర్లు ఇంకను నోటికి రాని దినములలో, "ఆ మచ్చ అబ్బాయీ, నీవు చెప్పుము" అని అతనిని పిలిచినది నేనే. తరగతి నవ్వెను, నేనును నవ్వితిని. ఆ నాటి నుండి ఆ మాటయే అతని పేరయ్యెను. దివిటీ మొదట వెలిగించినది గ్రామస్థులు కాదు, ఉపాధ్యాయుడే.

పుస్తకము తిరిగి యిచ్చునాడు తరగతి యెదుటనే అతనిని క్షమాపణ కోరితిని. పేరు చెప్పి పిలిచితిని. ఎగతాళి పేరు ఒక్క దినములో మానలేదు. బాలురకు పలుమారులు చెప్పవలసివచ్చెను. ఇప్పుడతడు మధ్య బల్లపై ఇద్దరి నడుమ కూర్చుండుచున్నాడు.

విద్యార్థులారా, ఎవనికైనను ఒక పేరు తగిలించుటకు ముందు వాని స్వంత పేరు అడిగి తెలిసికొనుడు. తలిదండ్రులారా, బిడ్డల చేతిలో బొమ్మల పుస్తకము కనబడినయెడల లాగివేయుటకు ముందు ఒకసారి చదువుడు. అందు మీ బిడ్డ ఎవరిని వెదకుచున్నాడో మీకు తెలియవచ్చును.