యంత్రాల్లోనూ యజమాని, బానిసేనా?

జగ్గయ్యపేట, నందిగామల వైపు సున్నపురాయి, సిమెంటు మీద బతికే కుటుంబాలెన్నో. అలాంటి ఫ్యాక్టరీల్లో యంత్రాల మధ్య కబురు నడిపే పద్ధతుల్లో 1979 నాటి మోడ్‌బస్ ఒకటి. అందులో అడిగేది 'మాస్టర్', అడిగితే తప్ప పలకనిది 'స్లేవ్'. దొర పిలిస్తేనే నోరు తెరిచే పాలేరు బతుకుని మన పిల్లలకి విడమరిచి చెప్పాలా? 2020లో మోడ్‌బస్ సంస్థ ఆ మాటలు తీసేసి 'క్లయింట్', 'సర్వర్' అంది. సర్వరన్నా సేవకుడేగా అని కొందరి ఎకసెక్కెం. సేవకుడు పని మానెయ్యగలడు. బానిస అమ్ముడైన మనిషి.

యంత్రానికి అవమానమేంటంటారు. పాఠం చదివేది మనిషి గదా!

పేరు ఎవరు మారుస్తున్నారన్నదే మాకు ముఖ్యం. 1917లో పక్కనున్న బెజవాడలో, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన, 'పంచములు' కాదు 'ఆది ఆంధ్రులం' అన్నది మనవాళ్ళే. 1922లో మద్రాసు ప్రభుత్వం ఒప్పుకుంది. 'హరిజన' పైవాళ్ళు పెట్టిన పేరు. కుల ధ్రువపత్రాల్లో రాయొద్దని 1982లో కేంద్రమే చెప్పాల్సొచ్చింది. తిట్టుగా వాడిన 'మాదిగ'నే 1994లో మొదలైన దండోరా పేరు చివర సగర్వంగా పెట్టుకుంది. దాన్ని తుడిచెయ్యమని ఎవరూ అడగలేదు.

పాత మాన్యువళ్ళలో మాస్టర్-స్లేవ్ ఇంకా కనిపిస్తాయి. పాలిటెక్నిక్ పంతుళ్ళు కొత్త పేర్లతో పాఠం చెప్పి, పాతవి ఎందుకు పోయాయో కూడా చెప్పాలి.