కొండల్లో ఆపద కబురు

2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ ట్రెక్‌లో మంచు తుపానుకు చిక్కి 9 మంది చనిపోయారు. అంత ఎత్తున సెల్ సిగ్నల్ అందదు. శాటిలైట్ మెసెంజర్ ఉంటే కబురు పంపొచ్చు. కానీ లైసెన్సు లేకుండా అది దగ్గరుంటేనే మన దేశంలో నేరం. 2008లో ముంబైపై దాడికి వచ్చినవాళ్ల పడవలో శాటిలైట్ ఫోన్ దొరికింది. ఆ జాగ్రత్త అనవసరమని, సరిహద్దులో పనిచేసిన నేను అనను.

ఈ పరికరాన్నీ గుడ్డిగా నమ్మలేం. ఇరుకు లోయలో ఆకాశం సరిగా కనబడక సందేశం ఆలస్యమవుతుంది, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. అయినా మత్స్యకారుల కోసం ఇస్రో తెచ్చిన రెండో తరం ట్రాన్స్‌మిటర్‌ ఉపగ్రహం ద్వారానే ఆపద కబురు పంపి, అందిందన్న జవాబూ తెస్తోంది. సముద్రంలో కుదిరింది కొండల్లో ఎందుకు కుదరదు? ట్రెక్‌కు అనుమతిచ్చే కార్యాలయమే పేర్లు రాసుకుని, బృందానికొకటి అద్దెకిచ్చి, కిందికి దిగాక వెనక్కి తీసుకోవచ్చు.