చెరసాల గుమ్మమునకు ఆవల

శిక్ష తీరి చెరసాలనుండి వెలువడు మనుష్యునికొఱకు గుమ్మముకడ ఎవరో ఒకరు వేచియుండుట లోకసహజము. తల్లి కావచ్చును, భార్య కావచ్చును, తండ్రి ముఖమును సరిగా ఎఱుగని బిడ్డ కావచ్చును. కాని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ఆ వెలువడువాడు పౌరసత్వము లేనివాడైనచో, అతనికొఱకు తఱచుగా వేఱొకరు కూడ వేచియుందురు. వారు కేంద్రప్రభుత్వపు వలసశాఖ అధికారులు. ఒక సంకెల ఊడిన క్షణముననే మఱియొక సంకెల పడును. ఇంటికి పోవలసినవాడు నిర్బంధశిబిరమునకు పోవును. అచ్చటినుండి, పసితనమున విడిచివచ్చిన దేశమునకు పంపివేయబడవచ్చును.

ఈ రెండవ చెరకు మూలము ఒక కాగితము. దానిని డిటెయినర్ అందురు. ఖైదీని విడుదల చేయుటకు ముందు తమకు తెలుపవలసినదనియు, విడుదల వేళ దాటిన పిదపను 48 గంటలవఱకు నిలిపియుంచవలసినదనియు వలసశాఖవారు అందులో చెరసాల అధికారిని కోరుదురు. దానిపై న్యాయాధిపతి చేవ్రాలు ఉండదు. అది విన్నపమే గాని ఆజ్ఞ కాదని 2014లో ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. అనగా తలుపు తీసి ఖైదీని అప్పగించు చేయి స్థానికాధికారిదే. ఆ చేయి ఆగవచ్చును. సహాయకుల ప్రయత్నమునకు ఊతము ఇదియే.

శిక్షమీద శిక్ష ఏల యని పాఠకులు అడుగవచ్చును. వలసనిర్బంధము శిక్ష కాదనియు, సివిలు వ్యవహారమనియు ఆ దేశపు చట్టము చెప్పును. చిక్కంతయు ఆ మాటలోనే యున్నది. నేరవిచారణలో పేదవానికి ప్రభుత్వమే న్యాయవాదిని ఏర్పఱుపవలెనని 1963లో గిడియన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. వలస న్యాయస్థానమున ఆ హక్కు లేదు. పైగా 1996 నాటి చట్టములు పెక్కు నేరములకు జామీను లేని నిర్బంధమును విధించినవి. 2025 జనవరి నాటి చట్టము, దొంగతనపు ఆరోపణపై అరెస్టయిన కొందఱికి సైతము దానిని విస్తరింపజేసినది. 1975 తరువాత వియత్నాం, కంబోడియాలనుండి తల్లుల చంకనెక్కి శరణార్థులై వచ్చిన శిశువులలో, యౌవనమున తప్పుచేసి శిక్ష అనుభవించినవారు అనేకులు ఈ వలలో చిక్కుకొనిరి.

సహాయము గుమ్మముకడ మొదలుపెట్టినచో ఆలస్యమగును. అది న్యాయస్థానముననే మొదలు కావలెను. నేరము ఒప్పుకొన్నచో దేశబహిష్కారము ప్రాప్తించునన్న సంగతిని న్యాయవాది తన కక్షిదారునకు తెలుపవలెనని 2010లో పాడిల్లా వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఆ సంగతి గ్రహింపక ఒప్పుకొన్నవారు పాత తీర్పును రద్దుచేయించుకొనుటకు కాలిఫోర్నియాలో 2017నుండి ఒక మార్గమున్నది.

కౌంటీ జైలులో వలసాధికారి ఖైదీని ప్రశ్నింపబోవునప్పుడు ముందుగా సమ్మతిపత్రమును ఈయవలెను. ఖైదీ నిరాకరింపవచ్చును, న్యాయవాది ఎదుటనే మాటాడుదుననవచ్చును. డిటెయినర్ వచ్చినచో దాని ప్రతిని అతనికి ఈయవలెను. ఆ సమ్మతిపత్రము లభింపవలసిన భాషలుగా చట్టము ఆఱింటిని పేర్కొన్నది. అందు తెలుగు లేదు. ఆ రాష్ట్రమున బంధువులున్న మనవారు ఈ సంగతి గుర్తుంచుకొనుట మంచిది.

2018 జనవరి 1నుండి అమలైన మఱియొక చట్టము కౌంటీ షెరీఫుల చేతులను చాలవఱకు కట్టినది. రాష్ట్రప్రభుత్వపు పెద్ద చెరసాలలు మాత్రము ఆ కట్టడికి మిక్కిలిగా లోబడలేదు. ఆ లోపమును పూరింపజూచిన బిల్లు ఒకటి 2022లో సెనేటున వీగిపోయినది; మఱియొకటి 2023లో ఉభయసభలలో నెగ్గియు గవర్నరు తిరస్కారమునకు గుఱియైనది. అందుచేత పలువురికి మిగిలిన ఆశ గవర్నరు క్షమాభిక్ష. అది లభించినచో బహిష్కారమునకు ఆధారమైన కొన్ని నేరములు ఆ బలమును కోల్పోవును. ఓక్లండులోని ఏషియన్ ప్రిజనర్ సపోర్ట్ కమిటీ వంటి సంఘములు ఇట్టి ఖైదీలకు అండగా నిలుచుచున్నవి. అర్జీ వ్రాయుట, ఇరుగుపొరుగువారి లేఖలు కూర్చుట, తల దాచుకొనుటకు గదియు, చేయుటకు పనియు సిద్ధపఱచుట - ఇవన్నియు విడుదలకు ఎంతో ముందే జరుగవలసిన పనులు.

దోషిని వెనుకవేసికొనుట సమాజమునకు చేటు కాదా యని కొందఱు ప్రశ్నింతురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఆ నేరములవలన గాయపడిన కుటుంబములున్నవి. అయినను యావజ్జీవఖైదీని విడుచుటకు ముందు, ఇతనివలన సమాజమునకు అనుచితమైన అపాయము కలుగదని పెరోలుబోర్డు నిర్ధారింపవలెను. ఒకే గదిలో ఇరువది ఏండ్లు గడిపిన ఇద్దఱిని అదే బోర్డు, అదే త్రాసుతో తూచి విడిచినదనుకొందము. పౌరుడు ఇంటికి పోవును. పరదేశి మఱల చెరకు పోవును. ఈ రెండవ త్రాసులో తూగునది వాని నేరమా, వాని పుట్టుకయా?

న్యాయస్థానము విధించిన శిక్షకు ఒక ముగింపు ఉన్నదని అందఱి విషయమునను ఒప్పుకొనవలెను. గుమ్మముకడ నిలిచిన ఆ తల్లి అడుగుచున్నది అంతకుమించి ఏమియు లేదు.