డ్రైవ్ కనపడకపోతే ముందు చెయ్యి ఆపాలి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. గోదావరి జిల్లాల్లో ఆ తేదీ సరిగ్గా కార్తీకమాసం ముహూర్తాల ముందు పడింది. రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం, తణుకు ఊళ్లలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలవాళ్లకు ఇది పట్టించుకోవలసిన సంగతే. పెళ్లికి రెండు మూడు కెమెరాలు, పైన డ్రోను, ప్రదానం దగ్గర్నుంచి సత్యనారాయణ వ్రతం దాకా చిత్రీకరణ. ఒక్కో పెళ్లికి వందల గిగాబైట్లు పోగవుతాయి. అంత సరుకును ఒక్క హార్డ్ డిస్క్ మీద పెట్టి నిశ్చింతగా ఉండలేరు. అందుకే చాలామంది మూడు నాలుగు డిస్కులను కలిపి ఒకే పెద్ద డ్రైవ్‌గా వాడతారు. దాన్నే రెయిడ్ అంటారు. స్కానింగ్ సెంటర్లలో, కాలేజీ సర్వర్లలో, సీసీ కెమెరాల రికార్డింగుల్లో కూడా ఇదే ఏర్పాటు కనిపిస్తుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, విండోస్ 10 వదిలి ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన మర్నాడు. కంప్యూటర్ లేస్తుంది, తెర కొత్తగా మెరుస్తుంది, పెళ్లిళ్లన్నీ దాచిన ఆ పెద్ద డ్రైవ్ మాత్రం ఉండదు. సర్వీసు సెంటరుకు ఫోన్ వెళ్తుంది: “డ్రైవ్ కనపడట్లేదండీ!”

ఇలాంటప్పుడు చాలాసార్లు డేటా డిస్కుల మీద భద్రంగానే ఉంటుంది. కొత్త సిస్టమ్‌కు దాన్ని చదవడం తెలియక ఆగిపోయింది, అంతే. అసలు నష్టం ఆ తర్వాత మొదటి అరగంటలో, కంగారుపడ్డ మనిషి చేతిలో జరుగుతుంది. ఇది అర్థం కావాలంటే రెయిడ్ లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి.

1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పరిశోధన పత్రం ప్రకటించారు. ఖరీదైన పెద్ద డిస్క్ ఒకటి కొనే బదులు చవకైన చిన్న డిస్కులు కొన్నిటిని కలిపి వాడవచ్చని, వాటిలో ఒకటి చెడినా డేటా నిలిచేలా చేయవచ్చని వాళ్లు చూపించారు. సులువైన పద్ధతి, ఉన్నదంతా రెండు డిస్కుల మీద ఒకేలా రాయడం. ఇంకో పద్ధతిలో లెక్క ఉంటుంది. ధాన్యం కమిషన్ కొట్లో మూడు పద్దులు, కింద మొత్తం రాసి ఉన్నాయనుకుందాం. మధ్య పద్దు చెరిగిపోయినా మొత్తంలోంచి మిగతా రెండూ తీసేస్తే అది దొరుకుతుంది. రెయిడ్ 5 ఇలాంటి మొత్తాన్నే డిస్కులన్నిటి మీదా కొంచెం కొంచెంగా పంచి రాస్తుంది.

ఏ డిస్క్ మొదటిది, ఏది రెండోది, ఒక్కో ముక్క ఎంత పొడవు అన్న వివరాలు కూడా డిస్కుల మీదే ఒక మూల రాసి ఉంటాయి. వీటిని మెటాడేటా అంటారు. సిస్టమ్ వాటిని చదవగలిగితే నాలుగు డిస్కులూ ఒక్కటవుతాయి. చదవలేకపోతే దాని కంటికి అవి నాలుగు ఖాళీ డిస్కులు. అప్పుడే విండోస్ “ఈ డిస్కును ఇనిషియలైజ్ చేయాలి” అని అడుగుతుంది. సరే అని నొక్కితే డిస్క్ మొదట్లో కొత్త రాత పడుతుంది. ఫార్మాట్ కొట్టేస్తే పరిస్థితి మరీ విషమిస్తుంది. ఆ పెట్టె తెర మీదికి వచ్చినప్పుడు ఫోనుతో ఒక ఫొటో తీసుకుని, రద్దు నొక్కి, లేచి మంచినీళ్లు తాగి రావడం మంచిది.

ఇలా డ్రైవ్ కనపడకుండా పోవడం 2020లో మైక్రోసాఫ్ట్ అంత పెద్ద కంపెనీకే అనుభవమైంది. ఆ ఏడాది మేలో విండోస్ 10 కొత్త వెర్షన్, 2004 అనే నంబరుతో విడుదలైంది. విండోస్‌లోనే ఉండే స్టోరేజ్ స్పేసెస్‌లో పారిటీ పద్ధతిన, అంటే పైన చెప్పిన మొత్తాల లెక్కతో, డిస్కులు కలిపిన కొందరికి, అప్‌డేట్ తర్వాత ఆ డ్రైవ్ “రా” అని, అంటే ఏ ఫైలు అమరికా లేనట్టు కనిపించింది. ఇలాంటప్పుడు మన సర్వీసు కుర్రాళ్ల చెయ్యి ముందు వెళ్లేది డిస్క్ లోపాలు సరిచేసే చెక్‌డిస్క్ మీదికే. మైక్రోసాఫ్ట్ మాత్రం చెక్‌డిస్క్ వాడొద్దని ప్రత్యేకంగా చెప్పింది. సవరణ వచ్చేదాకా ఆ డ్రైవ్‌ను చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా పెట్టుకోమంది. ‘రిపేర్’ అనే పేరున్న ప్రతి పనిముట్టూ డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తుంది. లోపం ఎక్కడుందో తెలియకుండా రాయించడం ప్రమాదం.

కొత్త కంప్యూటర్ కొని విండోస్ 11 ఎక్కించేవాళ్లకు ఎదురయ్యే అడ్డంకి వేరు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా యంత్రాల్లో డిస్కులను నడిపే వీఎండీ అనే ఏర్పాటు వచ్చింది. దానికి తగిన ఇంటెల్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో ఉంచి అందించకపోతే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కులు అసలే కనిపించకపోవచ్చు. కంప్యూటర్ లేచేటప్పుడు ముందు నడిచే బయాస్‌లో రెయిడ్ అని ఉండాల్సిన చోట ఏహెచ్‌సీఐ అని మారినా, కలిపిన డిస్కుల సమితి విడిపోయినట్టు కనిపిస్తుంది. పాత సెట్టింగు తిరిగి పెడితే చాలాసార్లు కుదుటపడుతుంది. అందుకే మొదటి చూపు బయాస్ తెర మీద పడాలి. డిస్కులన్నీ అక్కడ పేరుపేరునా కనిపిస్తున్నాయా? ఒకటి తగ్గితే ముందు కేబుల్, తర్వాత విద్యుత్తు చూడాలి. సాఫ్ట్‌వేర్ జోలికి ఆ తర్వాతే వెళ్లాలి.

సర్వర్లలో డ్రైవర్ల గొడవ ఇంకా ముదురు. 2019లో వచ్చిన రెడ్‌హ్యాట్ లినక్స్ 8 నుంచి డిస్కులను కలిపే పాత రెయిడ్ కార్డుల్లో చాలావాటి డ్రైవర్లను తీసేశారు. 2024 జూన్ 30తో సెంటోస్ 7 గడువు తీరి, పాత సర్వర్ మీదే కొత్త లినక్స్ ఎక్కించినవాళ్లలో అలాంటి కార్డు ఉన్నవారికి డిస్కులు మాయమయ్యాయి. కార్డు బాగానే ఉంది, దానితో మాట్లాడే డ్రైవరే లేదు. అదే ఏడాది మేలో వచ్చిన అల్మాలినక్స్ 9.4 అలా తీసేసిన డ్రైవర్లలో కొన్నిటిని మళ్లీ చేర్చింది. కార్డు మోడల్ నంబరు ముందే రాసుకుని, కొత్త వెర్షన్ దాన్ని గుర్తిస్తుందో లేదో చూసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

లినక్స్‌లోనే సాఫ్ట్‌వేర్ రెయిడ్ నడిపేవాళ్లకు నీల్ బ్రౌన్ రాసిన ఎండీఆడ్మ్ అనే పనిముట్టు తెలిసే ఉంటుంది. అప్‌గ్రేడ్ తర్వాత ఎండీ0 అనే పేరు ఎండీ127గా మారిపోవడం ఇందులో తరచూ జరుగుతుంది. డేటా అంతా ఉంటుంది, పేరు మారింది కాబట్టి మౌంట్ కాదు. కాన్ఫిగరేషన్ ఫైల్లో సమితి గుర్తింపు సంఖ్య సరిచేసి, బూట్ సమయంలో వాడే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారుచేస్తే పని అయిపోతుంది. ఇక్కడ మూడు మాటలు గుర్తుండాలి. ‘ఎగ్జామిన్’ చదువుతుంది. ‘అసెంబుల్’ ఉన్నవాటిని కలుపుతుంది. ‘క్రియేట్’ కొత్త మెటాడేటా రాస్తుంది. పాత సమితిని క్రియేట్‌తో తిరిగి తెచ్చుకోవచ్చని ఎవరైనా చెబితే చాలా జాగ్రత్తపడాలి. ఎండీఆడ్మ్ 3.1 తరం నుంచి డిఫాల్టులే మారాయి. ముక్క సైజు 64 కిలోబైట్ల నుంచి 512కి పెరిగింది, మెటాడేటా డిస్క్ చివరి నుంచి మొదటికి వచ్చింది. పాత సమితి మీద కొత్త క్రియేట్ నడిపితే కొలతలు కుదరవు, కొంత పాత రాత చెరిగిపోతుంది కూడా.

ఏ ప్రయోగానికైనా ముందు ప్రతి డిస్కుకూ అచ్చంగా అలాంటి నకలు తీయాలి. జీఎన్‌యూ డీడీరెస్క్యూ ఈ పని ఉచితంగా చేస్తుంది. నకళ్ల మీద ఎన్ని ప్రయత్నాలైనా చేయవచ్చు. డిస్కులు విప్పేముందు ఏది ఏ పోర్టులో ఉందో స్టిక్కర్ అంటించి, సీరియల్ నంబర్లు రాసుకోవాలి.

ఒక డిస్క్ నిజంగానే పోయి కొత్తది పెడితే రీబిల్డ్, అంటే పోయిన డేటాను మిగతా డిస్కుల లెక్కతో కొత్తదాని మీద తిరిగి రాయడం, మొదలవుతుంది. సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో రాసినా 4 టెరాబైట్ల డిస్కుకు ఏడు గంటలు దాటుతుంది. అంతసేపూ మిగతా పాత డిస్కులు గుక్కతిప్పుకోకుండా చదవాలి, రెండోది చేతులెత్తేసే అవకాశం అప్పుడే ఎక్కువ. రీబిల్డ్ మొదలుపెట్టేముందే ముఖ్యమైన ఫైళ్లు బయటికి తీసేయాలి, యూపీఎస్ బ్యాటరీ సరిగా ఉందో లేదో చూడాలి. ఈదురుగాలులకు కరెంటు పోయే రాత్రి ఈ పని పెట్టుకోకూడదు.

రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. పొరపాటున చెరిపిన ఫైలు రెయిడ్‌లోని డిస్కులన్నిటిలోనూ ఒకేసారి చెరుగుతుంది. వైరస్ పట్టినా, దొంగ ఎత్తుకెళ్లినా, నీళ్లు చేరినా డిస్కులన్నీ కలిసే పోతాయి. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఊడ్చేసింది. 2022 జులై వరదకు లంక గ్రామాలు మునిగాయి. ఈ నేల మీద పనిచేసే స్టూడియోకైనా ఆసుపత్రికైనా ఒక నకలు వేరే ఊళ్లో, వరద చేరని చోట ఉండాలి. ఏ సిస్టమ్ మార్చేముందైనా ఆ నకలు నుంచి రెండు మూడు ఫైళ్లు తీసి, అవి నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. తెరుచుకుంటే అప్‌గ్రేడ్ మొదలుపెట్టవచ్చు. తెరుచుకోకపోతే ఆ వారానికి పాత విండోస్‌తోనే పని నడుపుకుని, ముందు బ్యాకప్ సంగతి చూడాలి.